ముసుగు కింది గడ్డం

మొన్న ఆదివారం మా మనుమరాలి భర్త గుబురు గడ్డంతో వచ్చి కూర్చున్నప్పుడు, అమ్మాయికి ఏడో నెల కదా, భార్య కడుపుతో ఉండగా మగవాడు గడ్డం తీయకూడదంటారు కదా అనుకున్నానే తప్ప, నా గుండె దడదడలాడే సంగతి ఆ గడ్డం వెనకే ఉందని ఊహించలేదు. అతనికి హైవే పక్కన రసాయనాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. గడ్డం ఉంటే గ్యాస్ మాస్కు మొహానికి అతుక్కోదనీ, తీసేశాకే లోపలికి రమ్మని గేటు దగ్గరే ఆపేశారనీ, అత్తగారేమో కాన్పయ్యేదాకా కత్తి ముట్టొద్దంటోందనీ నవ్వుతూనే చెప్పాడు. ఆ అత్తగారు నా పెద్దకూతురే. నాకు మాత్రం నవ్వు రాలేదు, చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది.

న్యాల్‌కల్ దగ్గర శనగ చేలల్లో పెరిగి, మీసాలు సరిగా రాకముందే ఫౌజులో చేరినవాణ్ణి నేను. తుపాకీకి భయపడలేదు గానీ, పడమటి సరిహద్దు ఇసుకలో విషవాయువు నుంచి కాపాడుకునే శిక్షణ మొదలయ్యాక నాకు అన్నం సహించడం మానేసింది. గుండుకు చప్పుడైనా ఉంటుంది, కొన్ని వాయువులకు చప్పుడూ రంగూ ఏవీ ఉండవు, పీల్చామని తెలిసేసరికే అంతా అయిపోతుందని మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ చెప్పేవాడు. ఆయనది బీదర్, మా వైపు మనిషే కాబట్టి నాతో తెలుగులో మాట్లాడేవాడు. 'గ్యాస్' అన్న కేక వినబడగానే ఊపిరి బిగబట్టి, కళ్లు మూసి, పది లెక్కపెట్టేలోపు రబ్బరు మాస్కు తొడిగి, చెంపల దగ్గర సందు లేకుండా నొక్కుకోవాలి. ఒక రకం విషానికి వెల్లుల్లి వాసన ఉంటుందని ఆయన అన్నప్పటి నుంచి, వంటశాలలో పోపు వేసినా నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి, తోటివాళ్లు పడీ పడీ నవ్వేవారు.

సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, నా భార్య మళ్లీ కడుపుతో ఉందని. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. నేను రోజూ గడ్డం తీయడం వల్లే అలా జరిగిందని మా అమ్మ నమ్మకం, పైకి అనకపోయినా నాదీ అదే భయం. "ఈసారన్న గడ్డం గీకకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అని రాయించింది, సరేనని జవాబు రాశాను. ఫౌజులో గడ్డం తీయకపోతే ఊరుకుంటారా? అందుకే ఇసుకతో చెంపలు రుద్దుకుని, పొక్కులు లేచాయని దవాఖానాలో అబద్ధం చెప్పి, కొన్నాళ్లు కత్తి ముట్టకుండా చీటీ రాయించుకున్నాను. మాస్కు సరిగా పడుతోందా అని ఉస్తాద్ అడిగితే, బాగానే పడుతోందన్నాను.

ఒక పొద్దున కన్నీళ్లు తెప్పించే పొగ నింపిన డేరాలోకి మమ్మల్ని ఇద్దరిద్దరిగా పంపారు. నా జోడీ ఒక కేరళ జవాను. రెండో ఊపిరికే గడ్డం సందుల్లోంచి పొగ లోపలికి దూరింది, గొంతు భగ్గుమంది, కళ్లు కనబడలేదు, ఇక చచ్చిపోయాననే అనుకున్నాను. మాస్కు పీకేసి, దారి వెతుక్కుంటూ చేతికి దొరికింది పట్టుకుని గుంజాను. అది నా జోడీ మాస్కు. ఇద్దరం బయట ఇసుకలో పడి దగ్గుతూ కక్కుతూ ఉంటే, ఉస్తాద్ నా గదుమ పట్టుకుని పైకెత్తి చూశాడు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"ఇది ఉత్త కండ్ల నీళ్ల పొగ తమ్మీ. అసలుది వస్తే నువ్వు పోతవ్, పక్కోణ్ణి గూడ తీస్కపోతవ్. పుట్టే బిడ్డకు నాయిన ఉండాల్నా, గడ్డం ఉండాల్నా?" అని, నీళ్లకు కటకటలాడే ఆ చోట తన వంతు నీళ్లే సగం మగ్గు పోసి ఇచ్చాడాయన. కత్తి చెంప మీద ఆడుతున్నంతసేపూ అది కడుపులోని బిడ్డకే తగులుతున్నట్టు అనిపించింది.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. టపా వచ్చినప్పుడల్లా అందరి వెనకా నిలబడేవాణ్ణి. చివరికి ఉత్తరం వస్తే, సాయంత్రం దాకా విప్పకుండా జేబులోనే పెట్టుకు తిరిగాను. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. నువ్వు మాట నిలబెట్టుకోబట్టే బిడ్డ దక్కిందని అమ్మ రాయించింది. సెలవుకు వచ్చినప్పుడు, కాన్పు కబురు అందాకే గడ్డం తీశానని చెప్పాను. అమ్మ ఆ నమ్మకంతోనే కన్నుమూసింది.

ఆ బిడ్డే ఇప్పుడు అల్లుడి గడ్డానికి కాపలా కాస్తోంది. ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఆదివారం దానికి చెప్పేశాను. "గంత భయం ఒక్కనివే ఎట్ల మోసినవ్ నాయినా?" అని, లేచి వెళ్లి మగ్గుతో నీళ్లు తెచ్చి అల్లుడి ముందు పెట్టింది.

మా కాలంలో విషం ఎక్కడో సరిహద్దు అవతల ఉండేది, అది మీదికి రాకుండా ఒక ఫౌజు కాపలా ఉండేది. ఇప్పుడు అల్లం చేల పక్కనే పీపాల్లో నిలవ ఉంటోంది, పిల్లలు టిఫిన్ డబ్బా పట్టుకుని దాని దగ్గరికి పనికి పోతున్నారు. ఫ్యాక్టరీ వైపు నుంచి సైరను వినబడినప్పుడల్లా నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి పది లెక్కపెడతాను. పది అయ్యాక పీల్చక తప్పదు, తొడుక్కోవడానికి నా దగ్గర మాస్కు లేదు.