మా టీములో కరినాలుక

ఇంట్లో ఆడపిల్ల అశుభం పలికితే నోటి మీద ఒకటి వేస్తారు. నాకు అదే పనికి జీతమిచ్చేవాళ్లు. మదనపల్లెలో టైర్ల అంగడి పైన మేడలో ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ చెడిపోతుందో ముందే కనిపెట్టి చెప్పాలి. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి, మొహం కడుక్కుని, ఆ పుణ్యకార్యం మొదలుపెట్టేదాన్ని.

మాది ఎజైల్ పద్ధతి అని మా మేనేజర్ గొప్పగా చెప్పుకునేవాడు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ ముక్కకా ముక్క చూసుకుని, తప్పులుంటే అప్పుడే దిద్దుకోవాలట. రోజూ పొద్దున నిలబడి మీటింగు. కూర్చుంటే మాటలు పెరుగుతాయని ఆ ఏర్పాటు. మావాళ్లు నిలబడి కూడా టిఫిను చల్లారిపోయేదాకా మాట్లాడగలరు. చివర్లో ఆయన "అడ్డంకులేమన్నా ఉండాయా?" అని అడిగేవాడు, లేవనిపించుకోవడానికి. నేనొక్కదాన్నే ఉన్నాయనేదాన్ని.

వచ్చిన చిక్కేమిటంటే, నేను చెడిపోతుందన్నవన్నీ చెడిపోయేవి. చెడిపోక ఏం చేస్తాయి, చూసే కదా చెప్పింది! ప్రోగ్రామ్ రాసే ఆయన, పెద్దపంజాణి ఊరాయన, మాత్రం అలా అనుకోలేదు. "నిన్నటిదాంకా బాగుండె. నువ్వు నోరు తెరిస్తివి, పాయె. నీది కరినాలుక తల్లీ," అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. మరునాడు చూస్తే ఆయన కంప్యూటరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. ఇంజనీరింగు చదివిన మనిషి!

అప్పుడు మేం చేస్తున్నది ఒక ప్రైవేటు బస్సు ఓనరుకు టికెట్ల యాప్. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సు. ఓనరు ఒప్పుకుని సంతకం పెడితే నన్ను పర్మినెంటు చేస్తామన్నారు. అప్పటిదాకా నాది కాంట్రాక్టు. ఈ పని అయిపోతే మళ్లీ వాళ్లు పిలిస్తేనే నేను రావాలి. మా అమ్మ టమాటా తోటల్లో కూలికి పోయి నన్ను చదివించింది. "నీకు పర్మినెంటయితే ఇంక నేను తోటకు పోను పాపా, మోకాళ్లు పట్టేసినాయి," అంది. నాకా ఉద్యోగం కావాలి. దేవుడికి మొక్కుకునేంత గట్టిగా కావాలి.

యాప్ చూపించడానికి మేనేజరు, పెద్దపంజాణి ఆయన, నేను కారులో కుప్పం బయలుదేరాం. మంచి ఘడియ ఓనరే పెట్టించాడు. ఎజైల్‌లో ఏదైనా మార్చుకోవచ్చు గానీ ముహూర్తం మార్చకూడదు. దారిలో ఫోనులో ఇంకోసారి చూసుకుంటున్నాను. పుంగనూరులో దిగేవాళ్ల సీటును, అక్కడి నుంచి కుప్పందాకా ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అయితే మొదటివాళ్లు టికెట్టు రద్దు చేసుకుంటే, రెండోవాళ్ల టికెట్టు కూడా మాయమైపోతోంది. చెప్పాను. ముందు సీట్లోంచి మేనేజర్ వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. "నీకు దణ్ణం పెడతా, ఈ పొద్దు ఒక్కపొద్దు ఆ నోరు తెరవద్దమ్మా. వచ్చే వారం దిద్దుకుందాం."

తెరవకూడదనే అనుకున్నాను. కానీ ఓనరు ఆఫీసులో కొబ్బరికాయ కొట్టాక, మా పెద్దపంజాణి ఆయన సంబరం పట్టలేక నా నాలుక మహిమంతా తమాషాగా చెప్పేశాడు. ఓనరు నవ్వలేదు. కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"అట్లయితే ఈయమ్మ నోటితోనే బాగుండాదని సెప్పించండప్పా. సెడు పలికితే జరిగేది, మంచి పలికితే జరగదా? ఆ మాట ఇని సంతకం పెడతా."

అందరూ నా వైపే చూస్తున్నారు. "ఒక్క మాటమ్మా, సాయంత్రానికంతా నీ పర్మినెంటు ఆర్డరు," అని మేనేజర్ నా చెవిలో గొణిగాడు. అనేద్దామని నోరు తెరిచాను కూడా. ఆ బస్సెక్కేది మా ఊరివాళ్లే కదా, చంకలో బిడ్డతో ఎక్కిన మనిషిని నీకు సీటు లేదని లేపేస్తారు కదా అనిపించి, ఆ మాట రాలేదు. వేరే మాట వచ్చింది.

"బాగలేదప్పా. పుంగనూరులో దిగేవాళ్లు టికెట్టు వద్దనుకుంటే, ఆడ ఎక్కేవాళ్ల టికెట్టు కూడా పోతాది. కావాలంటే సూడండి."

చూశాడు. మదనపల్లె నుంచి పుంగనూరుకు తన పేరుతో, అక్కడి నుంచి కుప్పానికి అదే సీటు భార్య పేరుతో కొని, తనది రద్దు చేశాడు. భార్య టికెట్టు కనబడలేదు. ఫోను బల్ల మీద పెట్టి మా మేనేజర్ వైపు తిరిగాడు.

"సూస్తిరా? ఈయమ్మ అన్నంతసేపు కూడా పట్టలేదు, సెడిపాయె! ఎంత కష్టపడి సేసిండారో పాపం. ఈయమ్మను దీని దగ్గరికి రానీయొద్దండి."

ఓరి నాయనో, ఇదేం న్యాయం అని అరవాలనిపించింది. ఒళ్లు మండిపోయింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మేనేజర్ మాత్రం "అట్లే కానీండప్పా" అన్నాడు. తప్పు నేను చెప్పినచోటే ఉంది కాబట్టి ఒక్క పూటలో దిద్దేశారు. నేను లేకుండానే యాప్ విడుదలైంది, ఏ గొడవా రాలేదు. నా నోరు పడలేదు కాబట్టే ఇంత బాగా నడుస్తోందని మదనపల్లె ఆఫీసులో అనుకున్నారట. నా కాంట్రాక్టు అయిపోయింది. పని ఉంటే కబురు చేస్తామన్నారు.

కుప్పం నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే, అమ్మ తోట నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుండగా అంతా చెప్పాను. తిట్టలేదు. "అబద్ధం సెప్పలేదు గదా, పోనీలే," అని కొంగుతో చేతులు తుడుచుకుని తోట కూలీల మేస్త్రీకి ఫోను చేసింది. "అప్పా, రేపట్నుంచి రానని పొద్దున సెప్తిని సూడు, అది మరిచిపో. నేను వస్తాండా," అంది.