భిక్షపతన్న బండి ఆగదు

నాలుగు టైర్లూ పేలిపోయిన బండిని ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట దాకా ఒక్కసారి కూడా ఆపకుండా నడిపిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు భిక్షపతి. నడిపేది శవాల బండి. అందులో వెనక పడుకున్నవాళ్లెవరూ ఇంతవరకు ఆయన డ్రైవింగు బాగాలేదని అనలేదు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. శవాన్ని ఎక్కించుకున్నాక బండి ఆపడు. చాయ్‌కి ఆపడు, ఒంటికి ఆపడు, వానకి ఆపడు. ఎర్రలైటు పడితే చీమ నడక నడిపిస్తాడు గానీ చక్రాన్ని నిలబడనివ్వడు. పోలీసు ఉరిమి చూస్తే "ఆగుతనే ఉన్న సార్, మెల్లగ" అని దండం పెడుతూ చౌరస్తా దాటేస్తాడు. ఎల్బీనగర్ చౌరస్తా కింద దారి తవ్వి సిగ్నల్ బాధ తప్పించిన రోజున కొత్తపేటంతా తిరిగి జిలేబీలు పంచాడు. శవాల బండివాడు జిలేబీ పంచితే ఎవడు తింటాడు? నేనే తిన్నాను, రెండు కిలోలు.

"పావుకిలో" అన్నాడు భిక్షపతన్న, ఈ ముక్క నేను పదిమందిలో చెబుతుంటే.

పిచ్చి ఒక్కటే అన్నాను గానీ, దాని పక్కన ఈ చిన్న తెగులు కూడా ఉంది. ఎవరైనా ఒక మాటను కాస్త పెంచి చెబితే ఆయనకి దురద పుడుతుంది. ముఖంలో ఏ మార్పూ లేకుండా అసలు లెక్క చెప్పి, మాటని గాలి తీసిన ట్యూబులా నేలకి దించుతాడు. నా వృత్తి చూస్తే మాటలు పెంచడం. ఇంజినీరింగు మూడో ఏట నేను కాలేజీని వదిలేశాను. నేను లేక ప్రిన్సిపాల్ వారం రోజులు అన్నం ముట్టలేదని విన్నాను. అప్పటి నుంచి భిక్షపతన్న పక్క సీటు నాది. ఎత్తడానికి, దించడానికి రెండో చెయ్యి కావాలి కదా.

"మా అన్న ఐదొందల మందిని సాగనంపిండు" అని నేను ఆస్పత్రి గేటు దగ్గర గొప్పగా చెబుతాను.

"మూడొందల పన్నెండు" అంటాడు వెనక నుంచి.

ఆయన అద్దెకుండే ఇంటి యజమాని సుమిత్రమ్మ గారిది తెనాలి వైపు. ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా ఆవిడ మాట ఇంకా కృష్ణా నది ఒడ్డునే ఉంది. "భిక్షపతి గారూ, మీరు బంగారం లాంటి మనిషండీ. ఆ బండి మాత్రం నా గేటు ముందు పెట్టకండి. పాలవాడు భయపడి పాకెట్లు వీధి చివరే పెట్టి పోతున్నాడు" అందోసారి. ఆ రోజు నుంచి బండిని రెండు వీధుల అవతల పెట్టి, పొద్దున్నే వీధి చివరకి వెళ్లి ఆవిడ పాకెట్లు కూడా తనే తెచ్చిస్తున్నాడు.

ఒకసారి ఆయన సొంత భార్య నకిరేకల్ నుంచి బియ్యం మూటతో వచ్చి, హయత్‌నగర్ బస్టాపులో నిలబడి ఈ బండిని చూసి చెయ్యెత్తింది. ఈయన కిటికీలోంచి "మనిషున్నడు" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. ఆవిడ సిటీ బస్సెక్కి ఇంటికొచ్చి మూడు రోజులు మాట్లాడలేదు.

"రెండు రోజులు."

సరే, రెండు.

అసలు ఎందుకన్నా ఇంత మొండితనం అని అడిగాను. "పాడె దించనీకి దింపుడుకళ్లం ఊర్ల ఉంటది, తమ్మి. ఆడ దించుతరు, చెవుల పేరు పెట్టి పిలుస్తరు. నడిమిట్ల దించనీకి నేనెవన్ని?" అన్నాడు.

ఇక టైర్ల సంగతి. మలక్‌పేటలో ఎవరో పెద్దమనిషి విదేశీ కారుకి టైర్లు మార్పిస్తే, ఆ తీసేసిన వాటిని ఈయన అడిగి తెచ్చుకున్నాడు. రన్‌ఫ్లాట్ టైర్లట. పక్కగోడలు మందంగా ఉంటాయి. గాలి మొత్తం పోయినా కుంగిపోకుండా, ఎనభై దాటని వేగంతో ఎనభై కిలోమీటర్ల దాకా బరువు మోస్తాయి. కొత్తపేటలో టైర్ల దుకాణం కృష్ణ వాటిని చూసి నెత్తి గోక్కున్నాడు.

"అన్నా, గివి సేట్ల కార్లకు ఏస్తరు. నీ బండికి రిమ్ములే సరిపోవు."

"రిమ్ములు మార్చు."

"మస్తు గట్టిగుంటయి. గుంతల పడితే నడుం ఇరుగుతది."

"ఎనకున్నాయన ఏమనడు."

"ఎనకున్నాయన సుట్టాలు అంటరు గద."

"ఏడుస్తుంటరు. తెల్వది."

కృష్ణ రిమ్ములు మార్చాడు, గాలి తగ్గితే డ్రైవరు ముందు ఎర్ర దీపం వెలిగే యంత్రం కూడా బిగించాడు. ఆ రోజు నుంచి బండి ప్రతి గుంతకీ ఎద్దులా తన్నేది. నేను మూడు అంగుళాలు పొట్టివాణ్ణయ్యాను. దీనికి ఆయన ఇంకా లెక్క చెప్పలేదు, కొలతకి టేపు దొరక్క.

పోయిన శ్రావణంలో, మబ్బు కమ్మి పగలే దీపాలు వేసుకున్న రోజు, ఎల్బీనగర్‌లోని ఒక ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. చనిపోయినాయన పేరు అంతయ్య. ఊరు చౌటుప్పల్ దాటాక ఎడమకి లోపలికి. కొడుకు కట్టెలూ మనుషులూ చూసుకోవడానికి పొద్దున్నే బైకు మీద ముందు వెళ్లాడు. శవంతో ఎక్కింది ఇద్దరే: కోడలు జ్యోతిక, అంతయ్య అక్క అండాలమ్మ.

జ్యోతిక కొత్తపేటలో చీరల దుకాణంలో పని చేస్తుంది. ఊళ్లో ముసలాయనకి ఊపిరి ఆడకపోతే, వద్దన్నవాళ్లందరినీ కాదని పట్నం తెచ్చింది ఆమే. పదకొండు రోజులు ఆస్పత్రి బల్ల మీదే పడుకుంది. కానీ ఆయన దక్కలేదు. ఇప్పుడు వద్దన్నవాళ్లందరి తరఫునా అండాలమ్మ ఎదురుగా కూర్చుంది.

బండి కదలగానే ఆవిడ మొదలుపెట్టింది. "నా తమ్ముడు ఇంట్ల పోవల్సినోడు. పట్నం తెచ్చి సూదులు పొడిపిచ్చి సంపింది. ఆయనకు మనసొప్పిందో లేదో దారిలనే తెలుస్తది. మనసొప్పకుంటే బండి నిలవడుతది. మా నాయినప్పుడు ఎడ్లు అడుగెయ్యలే. ఎవల మీద కోపముందో ఊరంతటికి తెలిసింది. గా మనిషి మల్ల ఇంట్ల కాలు పెట్టలే."

జ్యోతిక మామ కాళ్ల దగ్గర దుప్పటి సరిచేసింది. కాసేపటికి డ్రైవరు వెనకున్న చిన్న కిటికీ దగ్గరకి వంగి, ముసలావిడకి వినపడకుండా అడిగింది.

"అన్నా, బండి నిలవడుతదా?"

"నిలవడదు చెల్లె."

భిక్షపతన్న పెంచి చెప్పే మనిషి కాదు. అయినా నేను లోపల భయపడ్డాను. ఎందుకంటే ఆ పూట రోడ్డు చాలా పాడుగా ఉంది, వాన తుంపర పడుతోంది, ముందు పోతున్న ఇనుము లారీ ఒకటి ఏవో ముక్కలు రాలుస్తోంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటుతుండగా వెనక ఎడమ వైపు టప్‌మని పేలింది. బండి ఒక పక్కకి ఈడ్చింది. భిక్షపతన్న స్టీరింగు గట్టిగా పట్టి, బ్రేకు తొక్కకుండా, ఒక్కసారిగా తిప్పకుండా దాన్ని దారిలోకి తెచ్చాడు. ఎర్ర దీపం వెలిగింది. మామూలు టైరైతే ఈపాటికి రోడ్డు పక్కన రాళ్లు పెట్టి జాకీ ఎత్తుతూ ఉండేవాళ్లం, అండాలమ్మ చూస్తూ ఉండేది.

"ఏందిరా గా సప్పుడు?" అంది ఆవిడ వెనక నుంచి.

భిక్షపతన్న నోరు తెరిచాడు. ఆయన నిజం చెప్పేస్తాడని నాకు తెలుసు. టైరు ఏ వైపుదో, ఎన్ని గంటలకి పేలిందో కూడా చెబుతాడు. ఆయన కంటే ముందు నేను అందుకున్నాను.

"ఈడ సినిమాలు తీస్తరు కద అవ్వా. బాంబులు పేలుస్తున్నరు."

"వానల గూడ తీస్తరా?"

"గీ వాన గూడ వాళ్లే పోపిస్తున్నరు. ట్యాంకర్లు పెట్టి. చౌటుప్పల్ దాక."

నేను భిక్షపతన్న వైపు చూశాను. వాన లెక్క చెబుతాడని, ట్యాంకర్లు ఎన్నో చెబుతాడని ఎదురు చూశాను. ఆయన మెడలోని తువ్వాల తీసి, ఆ ఎర్ర దీపం మీద కప్పాడు. అంతే. నా ఐదేళ్ల అబద్ధాల చరిత్రలో ఆయన సరిచెయ్యకుండా వదిలేసిన మొదటి అబద్ధం అది.

బండి యాభైకి దిగింది. వెనక ఎడమ చక్రం గుడగుడమంటూ, రబ్బరు కమురు వాసన వేస్తూ మోస్తోంది. ప్రతి కిలోమీటరు రాయినీ నేను కళ్లతో నెడుతున్నాను. జ్యోతికకి అర్థమైంది. అద్దంలో ఆమె చూపు ఆ తువ్వాల మీదే ఉంది. చౌటుప్పల్ ఊళ్లో గేదెలు అడ్డం వచ్చాయి. భిక్షపతన్న వాటి మధ్య నుంచి అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయాడు. ఒక గేదె కిటికీలో తల పెట్టి నన్ను పలకరించింది కూడా. ఆగలేదు.

పగలు మూడింటికి అంతయ్య ఇంటి ముందు బండి నిలిచింది. కొడుకూ మనుషులూ వచ్చి ఆయన్ని దించి అరుగు మీద పడుకోబెట్టారు. వాళ్ల వెనక దిగిన అండాలమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఆవిడ కళ్లు అలాంటివి. వెనక ఎడమ చక్రం దగ్గర ఆగిపోయింది.

"టైరు పోయింది గదరా. సూసిండ్రా, నేను చెప్పలే?"

వాకిట్లో మోగుతున్న డప్పు ఆగింది. ఊరు ఊరంతా టైరు వైపు, తర్వాత జ్యోతిక వైపు చూసింది. ఆమె ఇంకా దిగలేదు. తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది. నాకు పదహారు అబద్ధాలు తోచాయి, ఒక్కటీ నోట్లోకి రాలేదు.

భిక్షపతన్న చేతులు తువ్వాలకి తుడుచుకున్నాడు.

"ఇప్పుడే పోయింది, అవ్వా."

"ఎప్పుడు?"

"దించినంక. మూడు గంటల నాలుగు నిమిషాలకు. గడప కాడ దిగేదాక పట్టుకున్నడు, దిగినంక ఇడిసిండు. మూడొందల పదమూడు మందిని దించిన. గింత మనసు నిండి ఇల్లు చేరినోన్ని చూడలే."

ఏ తడబాటూ లేదు, నిమిషాలతో సహా. ఆస్పత్రి గేటు దగ్గర లెక్క చెప్పినట్టే చెప్పాడు. అండాలమ్మ చక్రాన్ని చూసింది, అరుగు మీద తమ్ముణ్ణి చూసింది.

"అవును. నా తమ్ముడు గంతే. చిన్నప్పుడు గూడ ఎంత ఆగమైనా ఇల్లు రానిదే ఒంటికి పోకపోతుండె" అంది. తర్వాత జ్యోతిక వైపు తిరిగి, "ఏందే అట్ల నిలవడ్డవ్? బిందె ముట్టు. మామకు తానం పొయ్యాలె" అని కసిరింది.

జ్యోతిక దిగింది. బిందె అందుకోవడానికి వెళ్తూ వెళ్తూ, వేడెక్కిన ఆ టైరు మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది.

టైరు మార్చుకుని తిరిగొస్తున్నాం. ఖాళీ బండికి నియమం లేదు కాబట్టి ఆయన ప్రతి చాయ్ బండి దగ్గరా ఆగుతున్నాడు. మూడో చాయ్ దగ్గర నేను మొదలుపెట్టాను.

"అన్నా, అబద్ధం చెప్పినవ్."

ఆయన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"ఆరేండ్ల కింద చిట్యాల కాడ టైరు పేలింది. గంటన్నర ఆగిన. మనిషికి మనసొప్పలేదని ఇంటోళ్లు కోడలిని ఆడ్నే దించిండ్రు. వేరే బండి దెచ్చుకొని శవాన్ని తీస్కపోయిండ్రు. గా పిల్ల వానల నిలవడ్డది. నేనే బస్సు ఎక్కిచ్చిన."

"అయ్యో. మల్ల?"

"మల్ల ఏముంది. టైర్లు మార్చిన."

మర్నాడు కృష్ణ దుకాణంలో ఆ టైరు విప్పారు. లోపల నుంచి పొడైన రబ్బరు గుప్పెళ్లతో రాలింది. కృష్ణ వేలు పెట్టి చూసి, "అన్నా, గాలి లేకుండ నలబై కిలోమీటర్లన్న నడిచింది ఇది" అన్నాడు. దుకాణం ముందు పదిమంది పోగయ్యారు. కొత్తపేటలో ఎక్కడ పదిమంది చేరినా అందులో నలుగురు నల్గొండ, చౌటుప్పల్ వైపు వాళ్లుంటారు. ఇక్కడ అన్న మాట సాయంత్రం బస్సుకి అంతయ్య ఊరు చేరుతుంది. అది నాకు అప్పుడు తట్టలేదు. ఇంత మంచి సభ మళ్లీ దొరకదని గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను: నాలుగు టైర్లూ పేలాయి, నిప్పులు చెరిగాయి, మా అన్న సూర్యాపేట దాకా ఆపలేదు.

భిక్షపతన్న ఆ రబ్బరు పొడిని చేత్తో కూడదీసి, చెత్తబుట్టలో వేసి, దులుపుకుని అన్నాడు:

"నాలుగు కాదు, ఒకటి. సూర్యాపేట కాదు, చౌటుప్పల్ అవతల. టైరు పోయింది దారిల కాదు, మనిషిని దించినంక."