నేను ఏరిన కెమెరా

మొన్న మా చిన్నాయన సంవత్సరీకానికి చేవెళ్ల వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, వరండాలో ఒక కుర్చీ, కుర్చీ మీద బంతిపూల దండ వేసిన చిన్నాయన ఫోటో. వచ్చినవాళ్ళంతా చెప్పులు విడిచి ముందు దాని దగ్గరికే వెళ్తున్నారు, దండం పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతున్నట్టే ఉన్నాడనీ, భుజం మీది తెల్ల కండువా ఎంత బాగా వచ్చిందోననీ అనుకుంటున్నారు. పక్కనే నిలబడ్డ మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, ఆ మెప్పుదలనంతా తల వంచి వినయంగా అందుకుంటున్నాడు. ఫోటో కింది మూలలో వాడి స్టూడియో పేరు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తోంది.

ఆ ఫోటో తీసింది నేను. భుజం మీద ఉన్నది కండువా కూడా కాదు.

చావింట్లో, పెట్టుపోతల ఇంట్లో గొడవ పడే మనిషిని కాను గనక అక్కడ నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరికన్నా చెప్పుకుంటే గాని నిద్ర పట్టేలా లేదు. రీలు అయిపోతుందేమోనన్న భయంతో కదలకుండా, రెప్ప వేయకుండా ఫోటో దిగిన తరం మనది. మీకైతే ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదనిపించి ఇలా రాయడానికి కూర్చున్నాను.

మా బాపుకు తమ్ముడైన ఈ చిన్నాయనకు చేవెళ్ల బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. చదువు అయ్యాక ఊరికే ఇంట్లో ఉండడం ఎందుకని వెళ్ళి, ముందు ఆల్బంలు అంటించడం, ఆ తర్వాత కంప్యూటర్ వచ్చాక పాస్‌పోర్టు ఫోటోల్లో మొహం మీది మచ్చలు తుడవడం నేర్చుకున్నాను. కెమెరా పట్టడం మాత్రం చిన్నాయనే నేర్పాడు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలనీ, మనిషి నవ్వాక కాదు, నవ్వబోతుండగా మీట నొక్కాలనీ ఆయన చెప్పిందే నాకు చదువు. పెళ్ళికూతురికి నలుగు పెట్టేచోట, పెద్దమనిషైన పిల్లను కూర్చోబెట్టేచోట మగ ఫోటోగ్రాఫరు వస్తే ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకుని బొమ్మల్లా బిగుసుకుపోయేవారు. నేను వెళ్తే మాటలూ పాటలూ ఆగేవి కావు. అందుకే అలాంటి ఆర్డర్లన్నీ నావి. జీతం అంటూ పెద్దగా ఏమీ లేదు, నేను అడగనూ లేదు, సొంత చిన్నాయన దగ్గర లెక్కేమిటనుకున్నాను.

అప్పుడే కదా సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని మన వైపు భూములకు రెక్కలు వచ్చాయి. మొయినాబాద్ చుట్టుపక్కల జొన్నచేలు ఒక్కొక్కటే ప్రహరీగోడల్లోకి పోయి, గోడ వెనక పచ్చగడ్డీ, గడ్డి మీద నీళ్ళ తొట్టీ వచ్చి ఫాంహౌసులయ్యాయి. శని, ఆదివారాలు వస్తే కార్లే కార్లు, పిల్లల పుట్టినరోజులు, ఆఫీసు విందులు. ఫోటోలు కావాలని మాకు ఫోన్లు వచ్చేవి, డిజిటలేనా అని అడిగేవారు, రీలు అని చెప్పగానే ఫోన్ పెట్టేసేవారు. చివరికి మన ఊళ్ళవాళ్ళు కూడా, ఎకరమో అరెకరమో అమ్మి చేతిలో పైసలు ఆడినవాళ్ళు, పెళ్ళికి సిటీ నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించుకోవడం మొదలుపెట్టారు. స్టూడియో ముందు బెంచీ ఖాళీగా ఉండేది. ఒకరోజు చిన్నాయన షట్టరు దించుతూ, చిట్టీ ఎత్తుతున్నాననీ, దాంతో డిజిటల్ కెమెరా కొందామనీ చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టి అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"తెచ్చుడు నా వంతు బిడ్డా, ఏరుడు నీ వంతు. తెచ్చినంక తీసుడు గూడ నీ వంతే."

నమ్మాను. ఎందుకు నమ్మను? ఆయన చేతిలో పెరిగినదాన్ని.

ఆ ఏరడం ఎంత ప్రేమగా ఏరానో చెబితే నవ్వుతారు. పెళ్ళి సంబంధం కూడా ఎవరూ అంత విచారించి ఉండరు. మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల కోసం పెట్టిన నెట్ సెంటర్లో గంటకింత అని కిరాయి కట్టి, ఆ పిల్లలంతా ఈమె ఎవరా అని చూస్తుంటే మూల కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. కెమెరా బొమ్మ పైనుంచి కిందికి వరసలు వరసలుగా దిగేది, లెన్సు దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. కోఠి దుకాణాల్లో అడిగి తెచ్చుకున్న రంగు కాగితాలు రాత్రిపూట దిండు కింద ఉండేవి. రీలైనా సరేనన్న ఒక ఫాంహౌసులో పుట్టినరోజు ఫోటోలకు పోయినప్పుడు ఆ ఇంటి మేడమ్ తన డీఎస్‌ఎల్‌ఆర్ నా చేతికిచ్చి, భయపడకుండా నొక్కమని, చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు కెమెరా బాడీ మీద మోజు పడకూడదనీ, లెన్సు చూసుకోవాలనీ హితవు చెప్పింది. మాకు రీలు కెమెరావి మంచి లెన్సులు ఉండనే ఉన్నాయి. కొత్తగా వచ్చిన చవక మోడల్‌కు అవి తగులుకుంటాయి గాని, దాని లోపల మోటారు లేదు గనక వాటంతటవి ఫోకస్ కావని తెలుసుకున్నాను. మోటారు ఉన్న మోడల్ కొంచెం పాతది, మెగాపిక్సెళ్ళు తక్కువ, కాని మా లెన్సులన్నీ దాని మీద పనిచేస్తాయి, మిగిలిన డబ్బుతో మంచి ఫ్లాషూ, రెండో బ్యాటరీ కూడా వస్తాయి.

ఇది చిన్నాయనకు ఎక్కించడం పెద్ద తపస్సు అయింది. బండి ఎంత మైలేజీ ఇస్తుందని అడిగినట్టు ఆ రోజుల్లో అందరూ ఎన్ని మెగాపిక్సెళ్ళనే అడిగేవారు, ఆయనకూ అదే పట్టింపు. నా పట్టింపు వేరే. ఆలూరులో నా స్నేహితురాలికి చర్చిలో పెళ్ళి కుదిరింది. తెల్లచీర కొనుక్కుని, దాని మీద తెల్లదారంతోనే పూలు తన చేత్తో కుట్టుకుంటోంది. ఫోటోలు నువ్వే తీయాలని నా దగ్గర మాట తీసుకుంది, చిన్నాయన కూడా సరేనన్నాడు. రీలు అయితే తెలుపు మీద కాస్త దయ చూపిస్తుంది. డిజిటల్‌లో వెలుగు కొంచెం ఎక్కువైనా తెల్లచీర తెల్లకాగితమైపోతుంది, దాని మీది పూలు మళ్ళీ ఎవరు ఏం చేసినా తిరిగిరావు. అందుకని, ఇంకా దర్జీకి ఇవ్వని, పూలు కుట్టిన తన జాకెట్టు ముక్క అడిగి తీసుకుని, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని చిన్నాయనతో కోఠి బస్సు ఎక్కాను.

దుకాణంలో నేను ఏరినదానికే బేరం కుదిరాక, కొన్న మెమరీ కార్డు కెమెరాలో వేసి, ఆ తెల్లముక్క చిన్నాయన భుజం మీద వేసి, గుమ్మం దగ్గర ఎండ పడేచోట స్టూలు మీద కూర్చోమన్నాను. ఆడవాళ్ళ జాకెట్టు ముక్క భుజాన వేసుకుని నలుగురిలో కూర్చోవడానికి సిగ్గుపడ్డాడు, అయినా కూర్చున్నాడు. నేను వెలుగు తగ్గించుకుంటూ సర్దుకుంటుంటే, ఆయన నావైపే చూస్తూ, "ఇగ ఇది నీదే బిడ్డా, తీసుడు నీ వంతు," అని నవ్వబోయాడు. మీట నొక్కాను. స్క్రీను మీద పెద్దది చేసి చూస్తే ఒక్కొక్క పువ్వూ, పువ్వు చుట్టూ దారం మలుపూ లెక్కపెట్టేటంత తేటగా ఉన్నాయి. దుకాణం సేటు కూడా వంగి చూసి తలాడించాడు. చేవెళ్ల దాకా ఆ డబ్బా నా ఒళ్ళోనే ఉంది, కిటికీలోంచి దుమ్ము వస్తుంటే కొంగు కప్పాను.

తెల్లవారి స్టూడియోలో పూజ. మన దగ్గర ట్రాక్టరుకైనా కుట్టుమిషనుకైనా పసుపూ కుంకుమా పెట్టకుండా పని మొదలుపెట్టం కదా, కెమెరాకూ బొట్టు పెట్టాము, లెన్సుకు తగలకుండా నేనే పెట్టాను. చిన్నమ్మ హారతి ఇచ్చింది. చిన్నాయన కొబ్బరికాయ కొట్టి, కెమెరా కళ్ళకద్దుకుని, పట్టీ విప్పి, నేను మెడ వంచి నిలబడి ఉండగానే నన్ను దాటి వెళ్ళి మా తమ్ముడి మెడలో వేశాడు.

వాడు అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేసి, ఉద్యోగం రాక ఆ వారమే ఇంటికి తిరిగివచ్చాడు. కెమెరా ఏ వైపు నుంచి పట్టుకోవాలో కూడా వాడికి తెలియదు. ఆ రాత్రి ఇంట్లో వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. నేను చిన్నాయన మొహంలోకి చూస్తే ఆయన కొబ్బరిచిప్ప వైపు చూస్తూ, "మొగపిలగాడు ఖాళీగ ఉన్నడు బిడ్డా. నీకేమున్నది, రేపో మాపో పెండ్లయి పోతవు," అన్నాడు. ప్రసాదం అందరికీ నేనే పంచాను.

ఆలూరు పెళ్ళికి వాడి వెనక లైటు పట్టుకుని వెళ్ళాను. స్నేహితురాలు ముసుగులోంచి నన్నూ, నా చేతిలోని లైటునూ, వాడి మెడలోని కెమెరానూ చూసి అర్థం కానట్టు కనుబొమలెత్తింది. చర్చి కిటికీల్లోంచి వెలుగు నేరుగా ఆమె చీర మీద పడుతోంది, పైగా వీడి ఫ్లాషు. తెలుపు మితిమీరినచోట ఆ కెమెరా స్క్రీను నల్లగా మిణుకుమిణుకుమని చెబుతుంది, చీర చీరంతా మిణుకుమంటోంది. చెవి దగ్గరికి పోయి, పూలు పోతున్నాయి, వెలుగు తగ్గించరా అని చెప్పాను. "అక్కా, అందరి ముంగట నాకు నేర్పకు," అని విసుక్కున్నాడు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు, నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు నా కళ్ళలోంచి నీళ్ళు కారాయి, పెళ్ళి కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆల్బం చూసుకుని స్నేహితురాలి తల్లి స్టూడియోకు వచ్చింది. చీర ఎక్కడుందో చూపించమంది. మొహం ఉంది, చేతులున్నాయి, మధ్యలో తెల్లటి ఖాళీ. అన్ని సాయంత్రాలు కూర్చుని కుట్టుకున్న పూలలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. మా తమ్ముడు తల గోక్కున్నాడు. అప్పుడు మా చిన్నాయన, నాకు ఊపిరి బిగబట్టడం నేర్పిన మనిషి, నేను పక్కనే నిలబడి ఉండగా, ఆమెతో అన్నాడు గదా: "ఏం జేద్దమమ్మా, మా అన్న బిడ్డ ఏరిన క్యామెర. తక్కువ మెగాపిక్సెళ్లది వద్దంటే ఇనలె. తెలుపును పట్టదది."

కెమెరా తీసుకెళ్ళి కొడుక్కిచ్చినందుకు ఏడ్చానే గాని, ఒక మూల ఆయన కష్టమూ తెలుసుకున్నాను. ఈ మాటకు మాత్రం నా దగ్గర క్షమాపణ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పూలన్నీ తేటగా ఉన్న ఆ ఫోటో కోఠిలో ఆయన భుజం మీదే కదా తీశాను, తన కళ్ళతో చూసి కదా నవ్వాడు. స్టూడియో తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.

ఆ తర్వాత మొయినాబాద్‌లో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పిల్లల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీసేది నేనే, బల్లకు బిగించిన చిన్న కెమెరా ముందు ఒక్కొక్కరిని కూర్చోబెట్టి. నవ్వబోతుండగా నొక్కే అలవాటు మాత్రం పోలేదు, అందుకే మా కాలేజీ కార్డుల్లో పిల్లలు కాస్త మనుషుల్లా ఉంటారని పేరు. చిన్నాయన శుభకార్యాల్లో కనబడితే అన్నం తిన్నావా బిడ్డా అని అడిగేవాడు. తిన్నాననేదాన్ని. తెలుపును పట్టదన్న మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు, పోయేదాకా తీసుకోలేదు. తమ్ముడు ఆ మెడపట్టీ పుణ్యాన బాగానే స్థిరపడ్డాడు. తండ్రి పోయాక దండ వేయడానికి మంచి ఫోటో కోసం పాత సీడీలన్నీ వెతికితే వాడికి దొరికింది నేను తీసిన ఫోటోనే.

మొన్న సంవత్సరీకానికి ఆలూరి స్నేహితురాలు కూడా వచ్చింది. ఇప్పుడు చందనవెల్లి వైపు ఫ్యాక్టరీలో మంచి ఉద్యోగం, నెత్తి సగం నెరిసింది. ఫోటో ముందు నిలబడి కళ్ళద్దాలు పెట్టుకుంది, ముందుకు వంగింది, అద్దం మీద వేలు పెట్టింది.

"గిది నా జాకెట్టు ముక్కనే గదనే! గీ పూలు నేను కుట్టినయి!"

వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు ఫోటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "అక్కా, వడ్డిస్తుండ్రు, బువ్వకు రాండ్రి," అంటూ షామియానా కిందికి నడిచాడు. ఆమె మాత్రం కదలలేదు. దండ కొంచెం పక్కకు జరిపి, ఫోన్ తీసి, చిన్నాయన భుజాన్ని మాత్రం ఫోటో తీసుకుంది. "నా పెండ్లి పూలు గింతకాలం గీడున్నయా," అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టదన్న ఆ తెలుపును పట్టింది ఆ కెమెరానే అని నేను చెప్పనక్కరలేకపోయింది.

ఇప్పుడు మోకిల వైపు ఫంక్షన్ హాళ్ళకు వెళ్తే మెడలో ఒకటి, భుజాన ఒకటి కెమెరాలు వేసుకుని ఆడపిల్లలు, ఆంటీ జర పక్కకు జరగండి అంటూ మనల్నే జరిపేస్తున్నారు. సంతోషంగా జరుగుతాను. ఎవరి కెమెరా వాళ్ళు ఏరుకుంటున్నారు, నెలనెలా కంతులు కట్టి కొనుక్కుంటున్నారు, ఒకరు మెడలో వేసేదాకా మెడ వంచి నిలబడే పని వాళ్ళకు లేదు. సంవత్సరీకం నాడు అందరూ భోజనాలకు లేచాక నేను మళ్ళీ ఒకసారి ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళాను. చిన్నాయన నావైపే చూస్తున్నాడు, ఇక ఇది నీదే అంటూ నవ్వబోతున్నాడు. ఆ మొహంలో అబద్ధం ఎక్కడన్నా ఉందేమోనని చాలాసేపు వెతికాను. ఉంటే బాగుండేది. లేదు.