ముద్దుకృష్ణ సారు పెన్ను

ముద్దుకృష్ణ సారుకు ఒకటే జబ్బు. ఏ దీపం కింద నిలబడినా జేబులోంచి పెన్ను తీసి కళ్ళెదుట గాల్లో టపటపా ఆడిస్తాడు. పెళ్ళయినా, చావయినా, బ్యాంకయినా, బస్టాండయినా ఆయనకు ఒకటే. ఊగే పెన్ను విసనకర్రలా పరుచుకుని కనిపిస్తే తలూపి కూర్చుంటాడు. అలా కాక ఒక్క పెన్ను పది ముక్కలుగా కనిపించిందంటే ఇక ఆ దీపం పెట్టించినవాడి పని అయిపోయినట్టే.

"ఈ లైటు వణుకుతాండాది. ఆపండి" అంటాడు.

ఆ వణుకు ఎవరి కంటికీ ఆనదు. నాసిరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుందనీ, కన్ను మోసపోయినా మెదడు మోసపోదనీ ఆయన ఓపిగ్గా వివరిస్తాడు. వినేవాళ్ళు ఆయన మెదడు గురించి ఆలోచిస్తూ ఇంటికి పోతారు.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అందులో దీపాల పరిశోధనశాల ఆయనది. పరిశోధనశాల అంటే ఏదేదో ఊహించుకోకండి. జనరేటర్‌ను బయటికి ఈడ్చి, ఆ గదికి సున్నం కొట్టి, తలుపు మీద ఇంగ్లీషులో బోర్డు తగిలించారు. కాలేజీ బ్రోచర్లో మాత్రం ఎవరిదో విదేశాల ల్యాబు ఫోటో మెరుస్తూ ఉంటుంది.

ఆ గదిలో సారుకు సహాయకురాలిగా చేరింది హుమా. అంతకుముందు కోలారులో పనిచేసేది. కొన్ని దీపాల కింద కూర్చుంటే చాలు, ఆమెకు కణతలు చిట్లిపోయేంత తలనొప్పి వచ్చేది. ఆ సంగతి నోరు తెరిచి చెప్పిన పాపానికి "దీపాల మీద పరిశోధన చేసే మనిషికి దీపం పడదా" అని నవ్వి, అక్కడివాళ్ళు ఆమెను సాగనంపారు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ తలుపూ మూసుకుంటుందని ఆమె భయం.

ఇంత రహస్యం మోస్తున్న మనిషికి దొరికిన పై అధికారి ఈయన. ఆయన పక్కన నడవడమంటే హుమాకు చచ్చేంత సిగ్గు. ఒకసారి పుంగనూరులో సహోద్యోగి పెళ్ళికి వెళ్ళారు. సారు మండపం మెట్ల మీదే నిలబడి వధూవరుల వైపు పెన్ను ఊపడం మొదలుపెట్టాడు. ఆడపెళ్ళివాళ్ళు దిష్టి తీస్తున్నాడనుకున్నారు. ఒక అవ్వ మనవణ్ణి చంకనేసుకొచ్చి ఎదురుగా నిలబడింది.

"మా వానికి కూడా తీయి సామీ. మూడు దినాలుగా పాలు తాగలేదు."

"ఇది దిష్టి కాదమ్మా. లైటు వణుకుతాండాదా అని సూస్తాండాను."

"వణికేది లైటు కాదు సామీ, మా వాడు. జరమొచ్చి ఉండాది."

సారు ఒక్క క్షణం ఆలోచించి పిల్లవాడి చుట్టూ పెన్ను తిప్పాడు. తర్వాత మండపం వాళ్ళతో గొడవపడి ఆ వరస బల్బులన్నీ ఆర్పించాడు. పెళ్ళి వీడియోలో సగం మంది చీకట్లో ఉన్నారు. ఆ సహోద్యోగి ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు.

వణకని దీపం చేయడం గొప్పేమీ కాదు. అది వణకకూడదు, చవగ్గా రావాలి, పల్లె కరెంటుకు చావకూడదు. ఈ మూడూ ఒకచోట కుదరవు. సారు తలవెంట్రుకలు అక్కడే రాలిపోయాయి. కుప్పం దగ్గర గుడుపల్లెలో చామంతి రైతులు పొద్దుగూకాక తోటల్లో బల్బులు వేసి, ఇంకా పగలేనని మొక్కను నమ్మిస్తారు. మొగ్గ ఆలస్యమవుతుంది, ధర ఉన్నప్పుడు పూయించుకోవచ్చు. అంజినప్ప అనే రైతు తోటలో సారు తన దీపాలు కట్టాడు. ల్యాబులో రాయిలా నిలిచినవి అక్కడ వారం తిరగకుండా మాడిపోయాయి.

"మీ దీపం మంచిదే సారూ. మా కరెంటే మంచిది కాదు" అని అంజినప్ప ఓదార్చాడు.

సారు మాడిన దీపాలన్నీ సంచిలో వేసుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. అలా చేసి చేసి చివరికి నిలిచే దీపం ఒకటి తయారైంది. అప్పటికి ఈ పరిశోధనకు ఢిల్లీ ఇచ్చిన నిధుల గడువు అయిపోయింది. పొడిగించాలా వద్దా తేల్చడానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందన్నారు. పొడిగించకపోతే హుమా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ కాలేజీ చైర్మన్ దయ.

చైర్మన్ ఆ కమిటీ కోసం సెమినార్ హాల్లో గోడంత ఎల్‌ఈడీ తెర పెట్టించాడు. పరిశోధనకు తీగలు కొనమంటే ముఖం చిట్లించే మనిషి, తన ఫోటో గోడంత కనబడాలంటే మాత్రం వెనకాడడు. దానిముందు నిలబడగానే హుమాకు కణతల్లో నొప్పి మొదలైంది. పళ్ళు బిగించి మైకు అందుకుంది. కమిటీ కూర్చుంది. సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి ముద్దుకృష్ణ సారు లేచాడు, పెన్ను తీశాడు.

"ఈ గోడ వణుకుతాండాది. ఆపితేగానీ మేం మాట్లాడం."

కమిటీ పెద్దమనిషి నవ్వాడు. చైర్మన్ ఎర్రబడ్డాడు. సారు పోయి ప్లగ్గు పీకేశాడు. కిటికీలు తెరిచి, ఆ వెలుతురులోనే హుమా చెప్పాల్సిందంతా చెప్పి, దీపం వెలిగించి చూపింది.

"ఇందులో కొత్తగా కనిపించేది ఏముంది?" అన్నాడు పెద్దమనిషి.

"ఏమీ కనిపించకపోవడమే సార్."

"అలాగని నివేదికలో ఎలా రాస్తామమ్మా?"

రాయలేదు. ఆవిష్కరణ ప్రస్ఫుటంగా లేదని రాసి, పోతూ పోతూ గోడ బాగుందని చైర్మన్‌ను మెచ్చుకుని పోయారు. ఈ దేశంలో కంటికి కొట్టొచ్చేదే విజ్ఞానం. కంటిని కాపాడేది ఎవరికి కావాలి? ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది. ముద్దుకృష్ణ సారు ల్యాబు తాళాలు అప్పగించి హాస్టల్ వార్డెన్‌గా చేరాలి. హుమాను ప్రస్తుతానికి ఉండనిస్తారు.

హుమాకు సారు మీద ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ల్యాబు సర్దుతూ సామాను విసిరేస్తుంటే, అటెండర్ నల్లప్ప ఆమె చేతిలోంచి ఒక పరికరాన్ని భద్రంగా అందుకున్నాడు.

"మెల్లగమ్మా. లైటు వణుకు కొలిచే మీటరు కదా ఇది. సారు సొంతంగా చేసింది."

"ఇంత మీటరు ఉండగా, బయట ఆ పెన్నుతో నాటకం ఎందుకు మరి?"

నల్లప్ప ఆమెను వింతగా చూశాడు. "మీరు చేరిన కొత్తల్లో మీటింగులోంచి గోడ పట్టుకుని బయటికొచ్చినారు కదమ్మా. ఆ మర్నాటి నుంచే పెన్ను. అంతకుముందు ఆయప్ప పెళ్ళిలో భోంచేసి గమ్మున వచ్చేసేవాడు. మీకన్నా ముందు పోయి సూస్తాడు. వణికితే గొడవ చేస్తాడు. తిట్లు ఆయప్పకు, నెమ్మది మీకు. మీకు తెలీదా?"

ఆమెకు తెలియదు. పుంగనూరు మండపంలో తనకు తలనొప్పి రాలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో, కోపంతో, ఏడుపుతో ఆమె నేరుగా ప్రిన్సిపాల్ రాజేశ్వరమ్మ గదికి పోయింది. చైర్మన్ అక్కడే ఉన్నాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, కోలారు మొదలుకొని అంతా చెప్పేసింది. రాజేశ్వరమ్మ కళ్ళద్దాలు తీసి, "ఆ హాల్లో కూర్చుంటే నాకూ తల పగిలిపోతాంది. వయసైపోయిందేమో అనుకుంటాండా" అంది. ప్రిన్సిపాల్ మాట కొట్టేయలేక చైర్మన్ మీసం దువ్వుకున్నాడు. హుమాను ఉండమన్నాడు. వార్డెన్ ఆర్డరు రద్దు చేశాడు. గోడ మాత్రం తీయించనన్నాడు. ఆయన మంచితనం అంతవరకే.

హుమా పరుగున వచ్చి చెబితే సారు సంతోషించలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"యాల సెప్పినావమ్మా?"

"మిమ్మల్ని అందరూ పిచ్చివాడంటుంటే ఊరుకోమంటారా సార్?"

"పిచ్చోడు గొడవ చేస్తాడనే కదా, అడిగిన గంటలో బల్బు మార్చేది. ఇప్పుడు నాకు బుద్ధి ఉండాదని తేలిపోయె. రేపటి నుంచి అర్జీ పెట్టమంటారు. ఆర్నెల్లు తిప్పుతారు. నీ తల ఏం గావాల?"

హుమా కళ్ళు తుడుచుకుంది. "చైర్మన్ నమ్మలేదు లెండి సార్. ఈమె తలనొప్పి వేరే, ఆయన పిచ్చి వేరే అన్నాడు."

సారు తల పైకెత్తాడు. "అట్లన్నాడా?"

"రెండుసార్లు అన్నాడు సార్."

"దేవుడు ఆయప్పను సల్లగా సూడాల" అని ముద్దుకృష్ణ సారు నల్లప్పను పిలిచి ముగ్గురికీ టీ చెప్పాడు.