కిటికీ వరసలో రెంగమ్మక్క చోటు

2024 వేసవి. తమిళనాడులో కోవిల్‌పట్టి ఊరి బయట ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసేవాణ్ని. ఇల్లు విరుదునగర్‌లో. పొద్దున్నే బస్సెక్కి సాత్తూరు మీదుగా వెళ్లి, సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చేవాణ్ని. ఇంట్లో మాది తెలుగే గాని, అక్షరాలు మాత్రం ఇంజనీరింగు చదవడానికి తిరుపతి వెళ్లినప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాను. అందుకే నా రాతకూ, నా నోటి మాటకూ పొంతన ఉండదు.

సేఫ్టీ ఆఫీసరంటే ప్రమాదం జరిగాక పరిగెత్తుకొచ్చేవాడని మా చుట్టాల నమ్మకం. నిజానికి మా పనిలో అసలుది జాబ్ సేఫ్టీ అనాలిసిస్, పొట్టిగా జేఎస్‌ఏ. ఒక పనిని అంచెలుగా విడగొట్టి, ఏ అంచెలో ఏ ముప్పు పొంచి ఉందో, దాన్ని తప్పించడానికి ఏం చేయాలో ముందే ఆలోచించి రాసిపెట్టడం. చాలా కంపెనీల్లో పాత కాగితం మీద కొత్త తేదీ వేసి చేతులు దులుపుకుంటారు. మా దగ్గరా అదే వరస.

ఆ ఏడాది మా ముదలాళి, అంటే యజమాని, ఏఐతో జేఎస్‌ఏ రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి చెన్నై కంపెనీ దగ్గర కొన్నాడు. పనిచేసేవాళ్లు తమకు జరిగింది తమ మాటల్లోనే కంపెనీ ఇచ్చిన ఫోనుకు చెబితే చాలు. అది విని, పని జరిగే హాలు వీడియోలు చూసి, ముప్పు ఎక్కువున్న చోటును ఎర్రగా, లేని చోటును పచ్చగా చూపిస్తుంది. మొదట నేను పెదవి విరిచాను. తర్వాత నాకే ఆశ పుట్టింది. మా ఫ్యాక్టరీకి పట్టిన పెద్ద రోగం ఎవరూ నోరు విప్పకపోవడమే మరి.

పెట్టెలు నింపే హాల్లో ఆడవాళ్లు బల్లల ముందు వరసగా కూర్చుంటారు. ట్రేలోంచి గుప్పెడు పుల్లలు తీసి, పెట్టెలో కూరి మూస్తారు. పుల్ల తలకున్న మందు పెట్టె పక్కనుండే గరుకు పూతకు రాసుకుందా, భగ్గుమంటుంది. వెంటనే తడి గోనె కప్పి ఆర్పేసి, ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో పడతారు. ఇలా దెబ్బ తగలకుండా తప్పిపోయినదాన్ని మేము నియర్ మిస్ అంటాం. పెద్ద ప్రమాదం రాబోతోందని ముందుగా తెలిపేది అదొక్కటే. దాన్నే అక్కడ ఎవరూ చెప్పేవారు కాదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ హాల్లో ఎవరి చోటు వాళ్లది. ఎదురుగా గోడకు కుంకుమ బొట్టు పెట్టుకుని, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటారు. అత్త మానేస్తే ఆ చోటు కోడలికి వస్తుంది. చోటు ఉన్నవాళ్ల ఊరికి పొద్దున కంపెనీ వ్యాను వస్తుంది. లేనివాళ్లు పిలిచిన రోజు రావాలి, పిలవకపోతే ఇంట్లో కూర్చోవాలి. మంట లేచిందని చెబితే చేతకానిదంటారని, చోటు లాక్కుంటారని వాళ్ల భయం. అది ఉత్త భయమేనని నేను అనుకునేవాణ్ని.

మొదట నోరు విప్పింది రెంగమ్మక్క. ఎట్టయాపురం పక్క పల్లె నుంచి వచ్చేది. పడమటి కిటికీ పక్క వరసలో ఆమె చోటు. పై అధికారులతో తమిళం, నాతో మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగు.

"నీ పేరు చెప్పే పన్లేదక్కా. మంట లేస్తే లేచిందని ఫోనుకు చెప్పు, చాలు" అన్నాను.

"చెప్తే ఏమి చేస్తారు సార్?"

"ఎందుకు లేస్తా ఉందో కనిపెట్టి సరిచేస్తారు."

"రేపు నా కోడలు గూడా ఈడనే కూర్చోవల్ల. సరి, చెప్తాను."

చెప్పింది. మామూలుగా కాదు, గొంతెత్తి చెప్పింది. "ఈపొద్దు మల్లా భగ్గుమనె. నా కొంగు కాలిపాయె. కొత్త చీర ఎవురిస్తారు, ఈ ఫోను ఇస్తాదా?" అని ఒకసారి అడిగితే వరసంతా పడీపడీ నవ్వింది. ఆమెను చూసి ఇంకొందరు కూడా అప్పుడొకటి ఇప్పుడొకటి చెప్పడం మొదలుపెట్టారు. అయినా ఆమెకు ఎవరూ సాటి రాలేదు.

కొన్ని వారాలకే సాఫ్ట్‌వేర్ తన మొదటి జేఎస్‌ఏ ఇచ్చింది. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ నేరుగా కిటికీ వరస ట్రేల మీద పడుతోంది. గరుకు పూత వేసిన పెట్టెల దొంతరలు కూడా ఆ పక్కనే పేరుస్తున్నారు. ఎండకు వేడెక్కిన పుల్లలు కాస్త రాపిడికే అంటుకుంటున్నాయి. కిటికీకి నీడ కట్టండి, దొంతరలు దూరంగా జరపండి, ట్రేలో పుల్లలు తగ్గించండి అని సలహా. ఏళ్లుగా ఆ హాల్లో తిరుగుతున్న మాలో ఒక్కరికీ తట్టని సంగతి. నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు.

కానీ దాంతోపాటు హాలు బొమ్మ కూడా వచ్చింది, చోటు చోటుకూ రంగులతో. పేర్లు తీసేస్తే చాలదు, చోట్లు కూడా తీసేయండి, ఇక్కడ చోటంటే మనిషే అని చెన్నై వాళ్లకు నేను మొదట్లోనే చెప్పాను. వాళ్లకు తలకెక్కలేదు. మా మేనేజరు మాత్రం, "బల్లలు సరిచేయడానికే ఆ బొమ్మ. మనుషుల జోలికి పోము" అని అందరి ముందూ మాటిచ్చాడు.

విరుదునగర్ హెడ్డాఫీసులో మీటింగు. తెర మీద కిటికీ వరసలో ఒక చోటు నిప్పుకణికలా ఎర్రగా ఉంది. ముదలాళి సలహాలు చదవనేలేదు.

"అక్కడ కూర్చునేది ఎవరు?" అన్నాడు.

మాటిచ్చిన మేనేజరే క్షణం తడుముకోకుండా, "రెంగమ్మాళ్" అన్నాడు.

"సార్, ఆమె దగ్గర మంటలు ఎక్కువని కాదు, ఆమె ఎక్కువ చెప్పింది. మిగతావాళ్లు దాస్తున్నారు. ఆ వరసకు నీడ కట్టిస్తే..."

"మెషీన్‌ను ఆకాశానికెత్తింది నువ్వే కదా. ఇప్పుడు అది తప్పంటావా?"

"మెషీన్ కిటికీని తప్పు పట్టింది సార్. మీరు మనిషిని తప్పు పడుతున్నారు."

నా గొంతు లేచింది. ఎవరూ పట్టించుకోలేదు. కిటికీకి పరదా కడితే గాలి ఆడదన్నారు. దొంతరలు జరిపితే దారికి అడ్డమన్నారు. ట్రేలో పుల్లలు తగ్గిస్తే పని సాగదన్నారు. అన్నిటికంటే తేలిక మనిషిని మార్చడం. కాఫీ చల్లారేలోపే తేల్చేశారు.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర రెంగమ్మక్క నా కోసం నిలబడి ఉంది.

"రేపట్నించి వ్యాను ఎక్కొద్దన్నారు సార్. పిలిస్తే రావల్లంట."

నేను తల దించుకున్నాను.

"మీరు చెప్పమంటిరి, నేను చెప్తిని. అబద్దమేమన్నా చెప్తినా?"

"లేదక్కా."

"మల్ల ఎందుకు?"

ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ని. తిట్టలేదు. వ్యాను హారన్ కొడితే వెళ్లి ఎక్కింది. తర్వాత ఆమెను ఒక్క రోజు కూడా పిలవలేదు.

ఆ చోటును దయ తలచినట్టు ఆమె కోడలు మారీశ్వరికి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఫోను మూగబోయింది. హాలు మొత్తంలో ఒక్క మంట కబురు లేదు. తర్వాతి జేఎస్‌ఏలో కిటికీ వరస పచ్చగా వచ్చింది. పనిచేసే మనిషిని మార్చడం మంచి ఫలితమిచ్చిందని సాఫ్ట్‌వేర్ తానే రాసింది. దాన్ని తిట్టి ఏం లాభం? అందరూ నోరు మూసుకుంటే ముప్పు లేదనే అనుకుంది. ముదలాళి మాత్రం ఉబ్బిపోయి, తోటి ఫ్యాక్టరీల వాళ్లను పిలిచి ఆ పచ్చరంగు చూపించాడు. పక్కన నిలబడి వివరించాల్సిన ఖర్మ నాది.

ఒక మధ్యాహ్నం మారీశ్వరి కుడిచేతికి గుడ్డ చుట్టుకుని పుల్లలు కూరుతోంది. విప్పించి చూస్తే అరచేయంతా బొబ్బలు.

"ఏమైందమ్మా?"

"ఇంట్లో అప్పళం వేయిస్తా ఉంటే నూనె చిందె సార్."

"నాకు నిజం చెప్పు. ఈడ కాలిందా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అత్త చోటు పాయె. ఇది గూడా పోతే మేము ఏమి తినేది? మీకు పుణ్యముంటాది సార్, ఆ ఫోనుకు ఏమీ చెప్పొద్దు."

ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాను. మేనేజరుకు చెబితే, "ఇంట్లో కాలిందని ఆమే అంటుంటే మీకెందుకు బాధ?" అన్నాడు. వానలు మొదలయ్యేలోపే నేను ఆ ఉద్యోగం వదిలేశాను.

ఇప్పుడు సాత్తూరులో మరో ఫ్యాక్టరీలో ఉన్నాను. ఇక్కడా ఇలాంటి సాఫ్ట్‌వేరే తెచ్చారు. ఏఐ వల్ల మేలుందా అని ఎవరైనా అడిగితే ఉందనే అంటాను. మేమెవరమూ చూడని కిటికీని అది చూసింది. కానీ ఇక్కడి యజమానిని మొదటి రోజే అడిగాను: "అందరికంటే ఎక్కువ చెప్పిన మనిషిని మీరేం చేస్తారు?" ఆయన నవ్వి, "ముందు చెప్పనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాడు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే నవ్వు. ఆ సాఫ్ట్‌వేర్ కోసం తెచ్చిన ఫోన్లు నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆయన సూటిగా జవాబు చెప్పేదాకా, ఇక్కడి ఆడవాళ్లలో ఒక్కరిని కూడా నిజం చెప్పమని అడగను.