గంప ఎత్తనన్న రోజు

పొద్దున మా కోడలు చాప పరుచుకుని, ఎదురుగా ఫోను నిలబెట్టుకుని, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తుతూ దించుతూ వ్యాయామం చేస్తుంటే నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఉన్నాను గానీ, వంటింటి గుమ్మంలో కుదురుగా నిలబడలేక నా నడుము కూడా కదలబోయింది. ఆ విద్య నాకు కొత్త కాదు, దాన్ని నేర్చుకున్న రోజుల్లో నేను పడ్డ విసుగు మాత్రం ఇప్పటికీ ఒంట్లోనే ఉంది.

మాది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు. మగవాళ్ళు వేటాడి తెచ్చిన చేపలు గంపకెత్తుకుని పై ఊళ్ళు తిరిగి అమ్మడం మా ఆడవాళ్ళ పని. నిండు గంపను ఎవరికి వారు నెత్తిన పెట్టుకోలేరు, ఎదుట ఇంకొకరు నిలబడి చెయ్యి వేయాల్సిందే. అందుకే, ఎంత పగ ఉన్నా సరే, గంప ఎత్తమని అడిగిన మనిషిని కాదనకూడదన్నది మా ఒడ్డున కట్టుబాటు. మా తోడికోడలికీ నాకూ మురుగు కాలువ దగ్గర మాటామాటా పెరిగి పలకరింపులు ఆగిపోయి చాలాకాలమైనా, తెల్లవారితే ఆమె గంప నేను, నా గంప ఆమె ఎత్తేవాళ్ళం. మొహమొహాలు చూసుకోకుండా ఆ పని చేయడం ఎంత కష్టమో మోసినవాళ్ళకే తెలుసు!

ఒక వానాకాలం పొలం గట్టు మీద కాలు జారి గంపతో సహా కూలబడ్డాను. కావలి ఆస్పత్రిలో చూసి, ఎముక విరగలేదు గానీ వెన్నులో నరం నొక్కుకుందన్నారు. కొన్నాళ్ళు మంచం, ఆ తర్వాత ఫిజియోథెరపీ. అక్కడి అమ్మాయి బోర్లా పడుకుని ఛాతీ లేపడం, వెల్లకిలా పడుకుని నడుమెత్తడం నేర్పించి, ఇంటి దగ్గర రోజూ చేయమని, తాను చెప్పేదాకా బరువు ముట్టుకోవద్దని పంపించింది. చేసేదాన్నే, ఏదో చేశాననిపించేదాన్ని. పడవల ఇంజన్ల చప్పుడు వినిపిస్తే చాలు, చాప మీద ప్రాణం నిలిచేది కాదు. నేను ఏళ్ళ తరబడి తిరిగిన వాడుక ఇళ్ళన్నీ వేరొకరి పాలైపోతాయని, గంప మోయలేని దాన్ని ఇంకెందుకూ పనికిరానని ఒకటే భయం.

నొప్పి కాస్త తగ్గినట్టనిపించగానే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒడ్డుకు పోయాను. గంప నింపుకుని, అలవాటు కొద్దీ తోడికోడలి ఎదుట నిలబడ్డాను. ఆమె చేతులు కట్టుకుంది.

"నేనెత్తను. మీరు గూడా ఎవురూ ఎత్తమాకండి. దీని నడుం ఇంకా కుదరలా" అంది, నాతో కాదు, ఒడ్డు మీదున్న అందరితో.

నలుగురిలో పరువు తీసి పగ తీర్చుకుంటోందనుకున్నాను. నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఆమె నా చేపలు తన గంపలో పోసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి, మా గడప తొక్కింది. నేను తిరిగే ఊళ్ళకే పోయి నా బదులు అమ్ముకొచ్చిందట.

"నీ వాడుక ఇళ్ళోళ్ళు ఎవురూ నిన్ను మర్చిపోలా. వస్తాదని చెప్పినా. పొణుకోమ్మే, ఆ ఎక్సర్‌సైజులు చెయ్యి, నేను చూస్తా" అంది.

కోపంతోనే పడుకున్నాను. ఆనాటి నుంచి ఆమె రోజూ వచ్చి గడప మీద కూర్చుని, నడుము సగమే ఎత్తితే ఇంకా పైకంటూ గదమాయించేది. ఆమెను తిట్టుకుంటూ చేసిన వ్యాయామమే నన్ను నిలబెట్టింది. చివరికి ఆస్పత్రి అమ్మాయి సరేనన్న మర్నాడు, ఆమే నా ఎదుట నిలబడి, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ గంప ఎత్తింది. అందులో చేపలు సగానికే ఉన్నాయి. దానికీ పోట్లాడాను.

ఇప్పుడామె నాయుడుపేటలో కూతురి దగ్గర ఉంటోంది. మా ఒడ్డుకు ఆటోలే వస్తున్నాయి, చేపలు ప్లాస్టిక్ ట్రేలలో పోతున్నాయి. ఒళ్ళు హూనం చేసుకునే పని తప్పినందుకు సంతోషమే, ఆ మోత మళ్ళీ రావాలని నేను కోరను. కానీ తెల్లవారుజామున ఒడ్డుకు పోయి చూస్తే, ఎవరి ట్రే వాళ్ళే ఆటోలోకి తోసుకుని, పక్క మనిషి మొహమైనా చూడకుండా వెళ్ళిపోతున్నారు. వాళ్ళలో ఎవరి నడుము ఎలా ఉందో ఎవరికీ తెలియదు, నేనెత్తను పొమ్మని అడ్డం నిలబడే అవసరమూ ఎవరికీ లేదు.