కాగితం మీద అక్క

దేవుడు తోడుంటాడు. ఈ మాట నేను ఎందరితో అన్నానో చెప్పలేను. పెళ్లిపందిళ్లలో అన్నాను, సమాధుల తోటలో అన్నాను, పరీక్షలకు పోయే పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి అన్నాను. నోటికి బాగా అలవాటైన మాటకు మనసుతో పని ఉండదు. వికారాబాద్ దవాఖానలో గొర్రెలు కాసే ఒకామె ఈ మాటను తిరిగి నాకే అప్పజెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నా మీద నాకు వచ్చింది, అది ఇంకా తగ్గలేదు.

మాది తాండూరు. మా ఆయన కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. నేను అంగన్‌వాడీలో టీచరుగా చేసి దిగిపోయాను. మా చర్చిలో స్త్రీల సమాజానికి అప్పట్లో నేనే కార్యదర్శిని. నెలకో శనివారం ఎనిమిది మంది ఆడవాళ్లం పొద్దటి రైలెక్కి వికారాబాద్ పోయేవాళ్లం. దవాఖానలో మంచం మంచానికీ తిరిగి ఒక రొట్టె, రెండు అరటిపండ్లు ఇచ్చి, కండ్లు మూసి ప్రార్థన చేసి, మధ్యాహ్నం బువ్వ వేళకు ఇల్లు చేరేవాళ్లం. తిరుగు రైల్లో పల్లీలు ఒలుచుకుంటూ మంచి పని చేసి వస్తున్నామని మురిసిపోయేవాళ్లం. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో, అలా పోయిన ఒక శనివారం, మూలమంచం మీద కొత్త మనిషి కనిపించాడు. కుల్కచర్ల దగ్గరి పల్లె. యాభై ఏళ్లుంటాయి. నెమ్ము ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందట, పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి మంచం కింది సీసాలోకి దింపారు. నాలుగు వారాలన్నా ఉండాలని డాక్టరు చెప్పాడట. అతని భార్య కింద గోడకానుకొని కూర్చుంది. ఒళ్లో మూట కట్టి పెట్టుకొని, బస్సు కోసం చూసే మనిషిలా ఉంది.

మాతో వచ్చినవాళ్లలో సంఘపెద్ద భార్య ఉంది. గొర్రెలు కాసేవాళ్లని తెలియగానే ఆమెకు హుషారొచ్చింది. తప్పిపోయిన గొర్రె కథ ఎత్తుకుంది. నూరింటిలో ఒకటి తప్పిపోతే, కాపరి మిగతా తొంభై తొమ్మిదిటినీ విడిచి ఆ ఒక్కదాని కోసం గుట్టలన్నీ తిరిగాడని, దేవుడి ప్రేమ అలాంటిదని చాలా బాగా చెప్పింది. నాకే కండ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి మాత్రం దమ్ము తీసుకుంటూ, ఆగి ఆగి అడిగాడు.

"అంత మంచిగనే ఉన్నది గని అమ్మా, ఆ తొంభై తొమ్మిదిటిని ఎవలకు అప్పజెప్పి పోయిండు?"

"అంటే?" అంది ఆమె.

"వట్టిగ ఇడిసిపెట్టి పోతె అవి ఊకుంటయా? ఎవని చేన్లనో పడి మేస్తయి, లేకుంటె తోడేలు పడతది. కాపరైనోడు గట్ల పోడు. ఎవలనో ఒకలను మంద కాడ పెట్టే పోయుంటడు. గది చెప్తలేరు మీరు."

ఇన్నేళ్లు ఆ కథ చెప్పినవాళ్లకు, విన్నవాళ్లకు ఒక్కరికీ ఆ ఫికరే పట్టలేదు. గొర్రెలు కాసేవాడు వింటే గానీ ఆ సందేహం రాదు.

అతనికి అది కథ కాదని అతని భార్య చెప్పింది. వాళ్లకు నలభై గొర్రెలు. మూడొద్దుల కోసమని పాలోళ్లకు, అంటే దాయాదులకు, అప్పజెప్పి వచ్చింది. గడువు అయిపోయింది. ఇయ్యాల రాకుంటే దొడ్డి తలుపు తీసి వదిలేస్తామని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చుట్టూ పత్తి చేన్లు మొలకెత్తి ఉన్నాయి, మంద వాటిలో పడితే ఊరు ఊరంతా మీదికొస్తుంది. ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డను కర్ణాటక సరిహద్దు అవతల ఇచ్చారు, అక్కడ పచ్చి బాలింత. ఇంకెవరూ లేరు. అందుకని మొగణ్ణి ఇంటికి తోలుకపోదామని మూట కట్టింది.

అప్పుడే నర్సు కాగితం పట్టుకొని వచ్చింది. మంచిదే పాపం, ఒక్క చేత్తో వార్డు మొత్తం చూసుకుంటోంది. "ఏమమ్మా, ఏమనుకున్నవ్? నువ్వు పోతె ఈయనకు తోడెవరు? గొట్టం జారితె పిలిచెటోళ్లు ఉండాలె గదా. ఉంచుత అంటె ఈ కాగితంల తోడుండెటోళ్ల పేరు రాయాలె, తీస్కపోత అంటె ఇంకో కాగితం మీద సంతకం పెట్టు. కని ఒక్క మాట చెప్తున్న, ఇప్పుడు గొట్టం తీస్తె మనిషి దక్కడు" అంది.

ఆమె మొగని దిక్కు చూసింది. అతను గోడ దిక్కు తిరిగాడు. ఏదో ఒకటి అనాలి కదా. ఆమె భుజం మీద చెయ్యి వేసి, "భయపడకు బిడ్డా, దేవుడు తోడుంటడు" అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. "ఉంటడమ్మా, ఉండనియ్యి. గా కాగితంల దేవుని పేరు రాసుకుంటదేమో జర సిస్టరమ్మను అడుగు."

ఎగతాళి కాదు. ఆమె నిజంగానే అడిగింది. దేవుడి పేరు రాసుకుంటే ఆమె నిశ్చింతగా బస్సెక్కి పోయేది. ఎవరైనా చెంప మీద కొట్టినా నాకంత మంట పుట్టేది కాదు. సంఘపెద్ద భార్య గడియారం చూసుకుంటూ "రైలు టైమైతంది టీచరమ్మా" అంది. ఆ మాటతో నా తిక్క పూర్తిగా లేచింది. నర్సు చేతిలోంచి పెన్ను లాక్కున్నాను.

"పేషెంటుకు నువ్వేమైతవు?" అంది నర్సు.

"అక్కను."

పేరు రాశాను, పక్కన 'అక్క' అని రాశాను, సంతకం గీకాను. అబద్ధమాడొద్దని ఆదివారం బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినదాన్ని. గొర్రెలామె లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఒక్క నిమిషం నన్ను ఎగాదిగా చూసి, మూట నా చేతిలో పెట్టింది. "వదినె, బువ్వ సరిగ తినడు. జొన్నరొట్టె పాలల్ల నానేసి ఇస్తె తింటడు" అని చెప్పి వెళ్లిపోయింది. వదినె అంటే మర్యాదకు అందనుకున్నాను. ఆ మనుషులకు వరుసలు మర్యాద కోసం ఉండవని నాకు అప్పుడు తెలియదు.

నేను ధీరురాలినేమీ కాదు. మొదటి రెండు రోజులు ఆ వాసనకు బయటికి పోయి వాంతి చేసుకున్నాను. సీసాలో చీము ఎంత దిగిందో చూసి చెప్పాలి. అతనికి సిగ్గు, నాకు రోత. దేవుని ప్రేమ మీద పాట ఎత్తుకోమంటే గొంతు చించుకునేదాన్ని, దుప్పటి మార్చాల్సి వచ్చేసరికి ముక్కు మూసుకున్నాను. ఎనిమిది మందిలో ముగ్గురు మాత్రం నాతో వంతు వేసుకున్నారు. తక్కినవాళ్లకు ఉన్నట్టుండి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. మా ఆయన ఆ నెలంతా తన వంట తనే చేసుకొని, ఉప్పు ఎక్కువైనప్పుడల్లా ఫోన్ చేసి నన్ను తిట్టాడు.

ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చొని నేను ప్రభువుతో మస్తు కొట్లాడాను. నువ్వు ఆ ఒక్క గొర్రెను వెతుక్కుంటూ పోయావు సరే, మందను మాకు అప్పజెప్పిన సంగతి మాకు ఒక్క మాట గట్టిగా చెప్పి పోవద్దా అన్నాను. చెప్పే ఉంటాడు. మేము పాట ఎత్తుకొని వినిపించుకోలేదు. దేవుడు మనుషులను చూసుకుంటాడని నమ్ముతాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆయన చూసుకునేది మన చేతులతోనే. మనం చేతులు కట్టుకొని కూర్చుంటే నింద ఆయన మీద పడుతుంది. ఇది నాకు వాక్యం చెప్పినవాళ్ల దగ్గర కాదు, ఆ వార్డులో తెలిసింది.

వారం తిరగకుండానే అతని పాలోడు ఒకడు ఊగుకుంటూ వచ్చాడు. "అక్కనని రాసి మా అన్నను మతంల కలుపుకోనీకి వచ్చిండ్రంట గదా" అని వార్డంతా వినపడేటట్టు అరిచాడు.

"మీ అన్న మెడల తాయెత్తు గట్లనే ఉంది చూస్కో. నేను ముట్టలే. ఇగో స్టూలు. ఇయ్యాల్టి నుంచి నువ్వు తోడుంటవా? ఉంటె నేను ఇప్పుడే రైలెక్కుత" అన్నాను.

వాడు మెడ గోక్కొని, పొలం పని ఉందని చెప్పి వచ్చిన బస్సుకే పోయాడు.

బయటివాళ్ల సంగతి అదైతే, ఇంటివాళ్ల సంగతి ఇంకో తీరు. సంఘపెద్ద నన్ను పిలిపించాడు. "టీచరమ్మా, ఆయన మన సంఘస్థుడు కాడు. మనోళ్లు మంచాన పడ్డోళ్లు లేరా? పోనీ, వాక్యం చెప్తున్నవా? ఏమన్న ఫలం కనవడుతుందా?" అని అడిగాడు. మా భాషలో ఫలం అంటే బాప్తిస్మం.

"కనవడుతుంది పెద్దయ్యా. నిన్న లేచి బాత్రూం దాక నడిచిండు" అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. సమాజం బీరువా తాళంచెవులు ఇచ్చి పొమ్మన్నాడు. ఇచ్చేశాను. దుఃఖం రాలేదని చెబితే అబద్ధం. ఆ బీరువాలో నేను కుట్టిన బల్లగుడ్డలు ఉన్నాయి.

మూడో వారంలో జ్వరం మళ్లీ తిరగబెట్టింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ పడొచ్చు అన్నారు డాక్టర్లు. ఆమెకు ఫోన్ చేశాను. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. అంతా విని, "నువ్వున్నవు గద వదినె" అని పెట్టేసింది. నాకు అంత భయం ఎన్నడూ వేయలేదు. ఆ రెండు రోజులు అతని కంటే ఎక్కువ నేనే నీరసించాను. మూడో రోజు జ్వరం విడిచింది. ఇంకో పది రోజులకు గొట్టం తీశారు. ఆమె వచ్చి తోలుకపోయింది. బస్సు కదిలాక, కాగితం మీది అక్క పని అయిపోయిందనుకొని ఇంటికి వచ్చి పడుకున్నాను.

దసరా దాటాక ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరం చర్చి మెట్లు దిగుతున్నాం. గేటు దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. అతను, తెల్లటి ధోతిలో, ఒళ్లు చేసి గుర్తు పట్టలేనట్టు ఉన్నాడు. అతని భార్య, చంటిదాన్ని ఎత్తుకున్న వాళ్ల బిడ్డ. గొర్రెలామె చేతిలో పెద్ద స్టీలు పళ్లెం, దాని నిండా పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, కుంకుమ పొట్లం, పైన ఆకుపచ్చ చీర.

"ఒడి పట్టు వదినె. మా ఆడిబిడ్డకు ఒడిబియ్యం తెచ్చినం" అంది.

మా దిక్కు పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడి నింపడమంటే, నువ్వు ఇంకా మా ఇంటి పిల్లవే అని పదిమందిలో చెప్పడం. మా చర్చిలో మాత్రం అది అన్యాచారం కింద లెక్క. సంఘపెద్ద అప్పటికే దగ్గరికొచ్చాడు. "టీచరమ్మా, జాగ్రత్త. అది పట్టుకుంటె నీకు ప్రభు బల్ల ఆపాల్సొస్తది" అన్నాడు. ప్రభు బల్ల ఆపడమంటే, బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం నాకు ఇవ్వకుండా పక్కన పెట్టడం.

ఆమె బెదిరిపోయి నన్ను చూసింది. "తప్పయిందా వదినె? కుంకుమ వద్దంటె వద్దు, ఇగో తీసేస్త. ఒడి అన్న పట్టు. ఉత్త చేతులతోటి ఆడిబిడ్డ కాడికి ఎట్లొస్తం?"

నా పుట్టిల్లు మోమిన్‌పేట్ దగ్గర. పొలాలున్న ఇల్లు. నేను ఈ చర్చిలో అడుగుపెట్టి మా ఆయనను చేసుకున్న రోజు, మా అన్న నా పేరు ఇంట్లో తియ్యొద్దన్నాడు. ముప్పై అయిదేళ్లు. పక్కిండ్ల ఆడవాళ్లు ఒడిబియ్యం తెచ్చుకొని వండి పిలిస్తే పోయి తిన్నాను, వచ్చి తలుపేసుకొని ఏడ్చాను. నా వాళ్లు అనేవాళ్లు ఒక్కరన్నా లేరా అని దేవుణ్ని అడగని ఏడు లేదు.

"పెద్దయ్యా" అన్నాను. "నన్ను ఎవలు చూసుకుంటరని ముప్పై అయిదేండ్లు దేవుణ్ని అడిగిన. ఇయ్యాల పంపిండు. పసుపున్నదని వాపసు పంపుమంటవా? నేను పంప. బల్ల ఆపుకుంటె ఆపుకో."

కొంగు చాపాను. ఆమె దోసిళ్లతో పోసింది, అతను పోశాడు, బిడ్డ చంటిదాని పిడికిట్లో నాలుగు గింజలు పెట్టి వేయించింది. బరువుకు నా నడుము వంగింది. ముడి వేశాక ఆమె అటూ ఇటూ చూసి అడిగింది.

"ఒడి నింపినంక దేవునికి మొక్కాలె వదినె. మీ దేవుడు యాడ ఉంటడు?"

నేను వెనక్కి తిరిగి మెట్లెక్కాను. సంఘపెద్ద నాకంటే ముందే పోయి వాకిట్లో నిలబడ్డాడు. నేను ఆగలేదు, ఆయనే జరిగాడు. పసుపు బియ్యం ఒడిలో మోసుకుంటూ చర్చి నడుమ నుంచి నడిచిపోయి ఆ బల్ల ముందే మోకరించాను. చాలాసేపు ఏడ్చాను. లేవబోతే ఆ బరువుకు మోకాళ్లు లేవలేదు. వెనక నుంచి రెండు చేతులు నా చంకల కింద పట్టి లేపాయి. అందరూ చూస్తుండగా ఆ చర్చిలో నన్ను లేపింది నా మరదలు.